వేలు చూపించే జీవి: మనిషి తెలివి గురించి ఒక ప్రసంగం

అందరికీ నమస్కారం. మొదలుపెట్టే ముందు ఒక్కసారి అటు చూడండి. అదిగో, ఆ వెనక తలుపు పక్కన.

చూశారా? అక్కడేమీ లేదు, ఉత్త గోడ. కానీ హాల్లో ఉన్న వాళ్లంతా తలలు తిప్పారు. తిప్పి ఊరుకున్నారా? లేదు. మళ్లీ నా వైపు తిరిగి "ఏముందండీ అక్కడ?" అన్నట్టు చూశారు. ఈ రెండు మూడు సెకన్లలో మీరు చేసింది చిన్న పనేం కాదు. నేను వేలు చూపించాను. మీరు వేలిని చూడలేదు, వేలు చూపిస్తున్న చోటుని చూశారు. అక్కడ మీకు పనికొచ్చేది ఏదో ఉంటుందని నమ్మారు. ఏమీ కనబడకపోయేసరికి, నా ఉద్దేశం ఏమిటా అని నా మొహంలో వెతికారు. ఇది గుర్తుంచుకోండి. చివర్లో మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

మనిషి తెలివికీ మిగతా జంతువుల తెలివికీ తేడా ఏమిటి? ఈ ప్రశ్న వేస్తే మామూలుగా వచ్చే జవాబులు నాలుగైదు ఉన్నాయి. పనిముట్లు అంటారు, ముందుచూపు అంటారు, జ్ఞాపకశక్తి అంటారు, భాష అంటారు. ఏది నిలబడుతుందో చూద్దాం.

పనిముట్ల సంగతి 1960లోనే తేలిపోయింది. ఇప్పటి టాంజానియాలోని గోంబే అడవిలో జేన్ గుడాల్ ఒక మగ చింపాంజీని గమనించారు. అది చెదపుట్ట కన్నంలోకి పుల్ల దూర్చి, పుల్లని పట్టుకుని వేలాడుతున్న చెదపురుగుల్ని నోటితో లాక్కుని తింటోంది. దొరికిన పుల్లని దొరికినట్టు వాడటమే కాదు, ఆకులున్న కొమ్మ తెంచి, ఆకులు దూసేసి మరీ వాడుతోంది. అంటే పనిముట్టు వాడటమే కాదు, తయారు చేయడం కూడా వాటికి వచ్చు.

జ్ఞాపకం, ముందుచూపు? వీటి గురించి 1998లో నికోలా క్లేటన్, ఆంథొనీ డికిన్సన్ ప్రచురించిన ప్రయోగం చూడండి. స్క్రబ్ జే అని కాకి జాతి పక్షి ఒకటుంది. తిండి దాచిపెట్టుకోవడం దాని అలవాటు. దానికి పురుగులంటే ప్రాణం, వేరుశనగ గింజలు ఆ తర్వాతే. కానీ పురుగులు కుళ్లిపోతాయి, గింజలు నిలవుంటాయి. దాచిన 4 గంటలకి వదిలితే పక్షి నేరుగా పురుగులు దాచిన చోటికి పోయింది. 124 గంటల తర్వాత వదిలితే పురుగుల జోలికి పోకుండా గింజల దగ్గరికి పోయింది. వాసన పట్టి వెతుకుతోందేమో అనుకుంటారు కదా? అందుకే వెతకడానికి వదిలే ముందు దాచిన తిండంతా తీసేశారు. ఏది, ఎక్కడ, ఎప్పుడు దాచానన్న మూడూ ఆ పక్షి బుర్రలో ఉన్నాయి.

క్యోటో విశ్వవిద్యాలయంలో అయుము అనే చింపాంజీ సంగతి మీలో చాలామంది వినే ఉంటారు. తెరమీద అంకెలు చెల్లాచెదురుగా కనిపిస్తాయి. సెకనులో అయిదో వంతు సమయం అవ్వగానే వాటి మీద తెల్లని గళ్లు పడిపోతాయి. ఏ గడి కింద ఏ అంకె ఉందో గుర్తు పెట్టుకుని, చిన్న అంకె నుంచి పెద్ద అంకెకి వరసగా తాకాలి. 2007లో ఈ పోటీలో అయుము కాలేజీ విద్యార్థుల్ని ఓడించింది. ప్రపంచమంతా ఆశ్చర్యపోయింది. కానీ ఒక విషయం గమనించాలి. అయుముకి ఆ పనిలో ఎంతో సాధన ఉంది, ఆ విద్యార్థులకి లేదు. తర్వాత కొందరు మనుషులకి అదే పనిలో బాగా సాధన చేయిస్తే వాళ్లూ అయుము స్థాయికి వచ్చారు. కాబట్టి చింపాంజీ మనల్ని మించిందనీ చెప్పలేం, మనం చింపాంజీని మించామనీ చెప్పలేం. పోల్చాలంటే ఇద్దరికీ ఒకే సాధన ఉండాలి. ఇంత మామూలు మాట ఎన్నిసార్లు మరిచిపోతామో!

ఇక్కడ కాసేపు ఆగాలి. ఎందుకంటే ఈ రంగంలో సగం తగాదాలు తెలివి గురించి కావు, పరీక్ష గురించి.

పరీక్ష రెండు వైపులా తప్పుతుంది. ఒకటి, లేని తెలివిని ఉన్నట్టు చూపించడం. బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం లెక్కలు చేసేది. ఎన్ని అని అడిగితే అన్నిసార్లు డెక్కతో నేలని తట్టేది. 1904లో ఒక సంఘం పరిశీలించి మోసమేమీ లేదని తేల్చింది. నిజంగానే మోసం లేదు. ఆస్కార్ ఫుంగ్స్ట్ అనే ఆయన రెండే రెండు మార్పులు చేశాడు. అడిగేవాడికి కూడా జవాబు తెలియకుండా చేశాడు. అడిగేవాడు గుర్రానికి కనబడకుండా చేశాడు. రెండింటిలోనూ హాన్స్ చతికిలబడింది. అసలు జరుగుతున్నదేమిటంటే, ప్రశ్న అడగగానే మనిషి డెక్క వైపు కాస్త వంగుతాడు. సరైన లెక్క రాగానే తనకి తెలియకుండానే తల పిసరంత పైకెత్తుతాడు. గుర్రం ఆ పిసరంత కదలికని పట్టుకుంటోంది. ఫుంగ్స్ట్ 1907లో దీన్ని పుస్తకంగా వేశాడు. గుర్రానికి లెక్కలు రావు, నిజమే. కానీ మనిషి ఒంటిని చదవడంలో దాని నేర్పు చూడండి, అది మాత్రం తక్కువదా?

రెండోది, ఉన్న తెలివిని లేనట్టు చూపించడం. నన్నడిగితే ఇదే ఎక్కువ అన్యాయం. గిబ్బన్లని కొమ్మలకి వేలాడుతూ తిరిగే తోకలేని కోతులున్నాయి. వాటికి తాడు లాగి తిండి తెచ్చుకునే తెలివి లేదని చాలాకాలం అనుకున్నారు. 1967లో బెంజమిన్ బెక్ ఆ తాళ్లని నేలమీద పరచకుండా కాస్త ఎత్తులో కట్టారు. గిబ్బన్లు చకచకా లాగేశాయి. వాటి వేళ్లు కొమ్మలు పట్టుకుని వేలాడటానికి అమరినవి. చదునైన నేలమీది తాడుని ఆ వేళ్లతో ఎత్తలేవు, అంతే. ఏనుగు సంగతీ ఇలాంటిదే. పైన అందని ఎత్తులో పండు పెట్టి కింద కర్రలు ఇస్తే ఏనుగు కర్రతో కొట్టదు. తెలివి లేకనా? ఏనుగుకి తొండం చెయ్యే కాదు, ముక్కు కూడా. కర్ర పట్టుకుంటే వాసన పట్టే దారి మూసుకుపోతుంది. వాషింగ్టన్ జూలో కండూలా అనే ఏనుగుకి కర్రల బదులు ఒక గట్టి పెట్టె ఇచ్చారు. అది పెట్టెని దొర్లించుకుంటూ తెచ్చి, దానిమీద కాలు పెట్టి ఎక్కి పండు అందుకుంది. 2011లో వచ్చిన పరిశోధన ఇది.

మీ ఇంట్లో కుక్క ఉంటే మీరూ ఒక పరీక్ష పెట్టొచ్చు. ఎలా పెట్టాలో చెబుతాను, రాసుకోండి. ఒకేలాంటి గిన్నెలు రెండు తీసుకోండి. రెండింటికీ లోపల తిండి రుద్దండి, వాసనతో తేడా తెలియకూడదు. కుక్కకి కనబడకుండా ఒకదాని కింద తిండి పెట్టి రెండూ బోర్లించండి. ఒకరు వేలు చూపించాలి. కుక్కని పట్టుకున్నవాళ్లు మాత్రం కళ్లు మూసుకోవాలి, లేకపోతే వాళ్లే ఫుంగ్స్ట్ చెప్పిన మనిషి అవుతారు. మొత్తం 20 సార్లు చేయండి. కుడా ఎడమా అన్నది నాణెం ఎగరేసి ముందే రాసుకోండి, కానీ ఒకే వైపు వరసగా రెండుసార్లు మించి రానివ్వొద్దు. తర్వాత ఇంకో 20 సార్లు వేలు చూపించకుండా చేయండి. అప్పుడు కూడా కుక్క సరిగ్గా పోతోందంటే, వాసన పడుతోందన్నమాట, మీ పరీక్ష పనికిరాదు. ఊరికే ఎటో ఒక వైపు పోయినా 20లో 10 సరవుతాయి. 15 దాకా వస్తేనే నమ్మండి. ఊరికే పోయే కుక్కకి 15 గానీ అంతకు మించి గానీ రావడం నూటికి రెండు సార్లే జరుగుతుంది.

సరే, మెదడు సంగతేమిటి అంటారా? మనిషి మెదడు పెద్దది, అందుకే తెలివి అంటారు. ఈ మాట త్వరగా ముగిస్తాను. మన మెదడులో దాదాపు 8,600 కోట్ల న్యూరాన్లు, అంటే నాడీకణాలు, ఉన్నాయి. ఆఫ్రికా ఏనుగు మెదడుని లెక్కపెడితే 25,700 కోట్లు తేలాయి. కానీ వాటిలో ఎక్కువ భాగం వెనకనుండే చిన్నమెదడులోనే ఉన్నాయి. పైపొరలో, అంటే కార్టెక్స్‌లో, ఏనుగుకి 560 కోట్లయితే మనకి 1,600 కోట్లు. ఇక్కడితో ఆపేస్తే మనమే గెలిచినట్టు అనిపిస్తుంది. కానీ పైలట్ తిమింగలం కార్టెక్స్‌లో దాదాపు 3,700 కోట్లు లెక్కతేలాయి. మెదడు అక్కరలేదని నేను అనడం లేదు. ఒంటి బరువులో 2 శాతమే ఉన్న ఈ అవయవం మనం ఖర్చుచేసే శక్తిలో 20 శాతం తినేస్తోందంటే ఊరికే తినదు. అయితే ఒట్టి లెక్కలతో మాత్రం జవాబు రాదు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం.

2007లో ఎస్తర్ హెర్మన్, మైకేల్ టొమసెల్లో, వాళ్ల సహచరులు చాలా పెద్ద పోలిక ఒకటి చేశారు. 106 చింపాంజీలు, 32 ఒరాంగుటాన్లు, రెండున్నరేళ్ల పిల్లలు 105 మంది. అందరికీ ఒకే పరీక్షలు. వస్తువు ఎక్కడ దాగింది, ఏది ఎక్కువ, ఏది తక్కువ, ఏ పనిముట్టు పనిచేస్తుంది అన్న భౌతిక ప్రశ్నల్లో పిల్లలూ చింపాంజీలూ దాదాపు సమానం. మన పిల్లలు ఒక మెట్టు కూడా పైన లేరు! కానీ ఎదుటివాళ్లని చూసి నేర్చుకోవడం, సైగ అర్థం చేసుకోవడం, ఎదుటివాడు ఏం చేయబోతున్నాడో గ్రహించడం, ఇలాంటి వాటిలో పిల్లలు సుమారు రెట్టింపు సాధించారు. దీనిమీద ఒక అభ్యంతరం ఉంది, న్యాయమైనదే. పిల్లల్ని పరీక్షించింది మనిషి, చింపాంజీల్ని పరీక్షించిందీ మనిషే. పిల్లలకి తమ జాతివాడు, వాటికి పరాయివాడు. ఆ అభ్యంతరాన్ని మనసులో ఉంచుకునే ముందుకు పోదాం.

ఇంకో ప్రయోగం. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అతి ముఖ్యమైనది ఇదే. 2005లో విక్టోరియా హోర్నర్, ఆండ్రూ వైటెన్ చేశారు. ఒక పెట్టె. పైన ఒక కన్నం, ముందు ఒక చిన్న తలుపు. చేసి చూపించే మనిషి ముందు పైకన్నానికి అడ్డున్న గడియని కర్రతో తీసి, ఆ కన్నంలో కర్రతో పొడుస్తుంది. తర్వాత ముందు తలుపు తీసి, కర్రతో బహుమతి లాగుతుంది. పెట్టె నల్లగా, లోపల కనబడకుండా ఉన్నప్పుడు చింపాంజీలు అన్నీ చేశాయి, పైన పొడవడంతో సహా. తర్వాత అదే పెట్టె పారదర్శకంగా ఇచ్చారు. పైకన్నం కింద అడ్డు ఉంది, పైనుంచి ఎంత పొడిచినా బహుమతికి తగలదు, అది కళ్లకి కనిపిస్తోంది. చింపాంజీలు పైపని మానేసి నేరుగా తలుపు తీశాయి. మూడు నాలుగేళ్ల పిల్లలు? పారదర్శకమైన పెట్టెలో కూడా ముందు పైన పొడిచి, ఆ తర్వాతే తలుపు తీశారు. ఇంకొక పరిశోధనలో, పనికిరాని పని ఏదో గుర్తుపట్టమని ముందే శిక్షణ ఇచ్చి, గుర్తుపట్టినప్పుడు మెచ్చుకుని, తర్వాత చేయనిచ్చినా, పిల్లలు మాత్రం ఆ పనికిరానిదాన్ని చేస్తూనే ఉన్నారు.

మరి ఎవరు తెలివైనవాళ్లు? ఆ క్షణంలో చూస్తే చింపాంజీయే. పని అయిపోయింది, శ్రమ తగ్గింది. పిల్లలు అమాయకుల్లా కనిపిస్తారు. కానీ మనిషి చేసే పనుల్లో ఎన్నిటిలో కారణం కంటికి కనిపిస్తుంది చెప్పండి?

రాతి పనిముట్లు తీసుకోండి. చెకుముకి రాయి నుంచి పొడవాటి పలుచని పెచ్చు తీయాలి. దెబ్బ వేసే అంచు 90 డిగ్రీలకంటే తక్కువ కోణంలో ఉండాలి. ఇంతవరకు కొట్టి చూసి ఎవరైనా తెలుసుకోవచ్చు. కానీ చెయ్యి తిరిగినవాడు దెబ్బకి ముందు ఇంకో పని చేస్తాడు. ఆ పదునైన అంచుని ముతక రాయితో అరగదీస్తాడు. చూసేవాడికి ఎలా ఉంటుంది? పదును కోసం కదా ఈ తిప్పలన్నీ, ఉన్న పదునుని అరగదీస్తున్నాడేమిటి అనిపిస్తుంది. ఆ పని మానేసి కొట్టి చూడండి. సన్నని అంచు దెబ్బకి నలిగిపోతుంది, దెబ్బ బలం రాయిలోకి దిగదు, పెచ్చు పొట్టిగా మధ్యలో విరిగిపోతుంది. అరగదీస్తే అంచు మొద్దుబారి గట్టిపడుతుంది, బలం లోపలికి దిగుతుంది. ఈ కారణం గురువుగారికీ తెలియకపోవచ్చు! ఆయన గురువు అలా చేశాడు, ఈయనా అలా చేస్తున్నాడు. అర్థం లేదనిపించిన మెట్టుని వదిలేసే "తెలివైన" శిష్యుడి దగ్గర ఆ విద్య ఆగిపోతుంది. అర్థం కాకపోయినా పొల్లు పోకుండా చేసే శిష్యుడి దగ్గర నిలుస్తుంది. నిలిస్తేనే కదా, దానిమీద ఇంకో మెట్టు కట్టేది?

దీనికి ఎదురుగా చింపాంజీల రాళ్లని చూడండి. పశ్చిమాఫ్రికాలోని తాయ్ అడవిలో చింపాంజీలు గట్టి కాయల్ని దిమ్మ మీద పెట్టి రాయితో పగలగొడతాయి. సులువు పని కాదది, చెయ్యి తిరగడానికి పిల్ల చింపాంజీలకి ఏళ్లు పడుతుంది. ఆ అడవిలో తవ్వితే సుమారు 4,300 ఏళ్ల నాటి చింపాంజీ రాళ్లు దొరికాయి. ఆ రాళ్లతో అవి చేసిన పనే ఇవాళా చేస్తున్నాయి. 4,300 ఏళ్లు పోగొట్టుకోకుండా అందించుకుంటూ వచ్చాయి, అది గొప్పే. కానీ ఆ విద్య మీద ఇంకో మెట్టు ఎక్కలేదు.

మెట్టు మీద మెట్టు ఎందుకు ఎక్కదు? 2012లో లూయిస్ డీన్ బృందం సరిగ్గా దీన్నే పరీక్షించింది. మూడంచెల చిక్కుపెట్టె తయారుచేశారు. మొదటి అంచెలో తలుపు జరపాలి. రెండో అంచెలో ఒక బొత్తాం నొక్కితే తలుపు ఇంకా జరుగుతుంది. మూడో అంచెలో ఒక చక్రం తిప్పాలి. అంచె పెరిగేకొద్దీ బహుమతి మెరుగవుతుంది. 33 చింపాంజీలకి గుంపులుగా 30 గంటలు ఇచ్చారు. మూడో అంచెకి చేరింది ఒక్కటే. కపుచిన్ కోతులకి 53 గంటలు ఇస్తే ఒక్కటీ చేరలేదు. మూడు నాలుగేళ్ల పిల్లల ఎనిమిది గుంపులకి ఇచ్చింది రెండున్నర గంటలే. అయిదు గుంపుల్లో కనీసం ఇద్దరు చొప్పున మూడో అంచె దాటారు. పిల్లలు ఏం చేశారో అది చూడాలి. "ఆ బొత్తాం నొక్కు" అని ఒకరికొకరు చెప్పుకున్నారు. పక్కవాడు చేసినట్టే చేశారు. గెలిచిన స్టిక్కర్లు పక్కవాళ్లకి ఇచ్చారు కూడా. చింపాంజీల్లో, కోతుల్లో ఒకదానికొకటి నేర్పడం కనిపించలేదు. ఎవరి బహుమతి వాళ్లది.

ఒంటరి పిల్లవాడి సంగతి కూడా చెప్పాలి. 2002లో ఆక్స్‌ఫర్డ్‌లో బెట్టీ అనే న్యూ కాలెడోనియా కాకి, తిన్నని తీగని తనంతట తానే కొక్కెంలా వంచి గొట్టంలోంచి తిండి బకెట్ పైకి లాగింది. ఇదే పని పిల్లలకి ఇస్తే? అయిదేళ్లలోపు వాళ్లలో ఎక్కువమందికి తీగ వంచాలన్న ఆలోచనే రాలేదు. ఎనిమిదేళ్లకి గానీ ఎక్కువమందికి తట్టదు. కానీ ఒక్కసారి వంచి చూపించండి, చిన్నపిల్లలు కూడా దాదాపు అందరూ చేసేస్తారు. న్యాయంగా ఒక మాట: ఆ జాతి కాకులు అడవిలోనూ పుల్లలు వంచుతాయని తర్వాత తెలిసింది, కాబట్టి బెట్టీది పూర్తిగా అప్పటికప్పుడు తట్టిన ఉపాయం కాకపోవచ్చు. పిల్లల ఫలితం మాత్రం మారదు. మనిషి ఒంటరిగా కొత్తది కనిపెట్టడంలో మరీ అంత గొప్పవాడు కాదు. చూపించింది అందుకోవడంలో గొప్పవాడు.

అలాగని నేర్పడం మనదొక్కరిదే అని గీత గీసేయకండి. ముంగిస జాతికి చెందిన మీర్‌కాట్లు తమ పిల్లలకి ముందు చచ్చిన తేలు ఇస్తాయి, కాస్త ఎదిగాక కొండి తీసేసిన తేలు, ఆ తర్వాత బతికున్న తేలు. చక్కని పాఠక్రమం! కానీ అది తేలుతోనే మొదలై తేలుతోనే ముగుస్తుంది. 2024లో ఇంకా ఆశ్చర్యకరమైనవి రెండు వచ్చాయి. జాంబియాలో చింపాంజీలు తమంతట తాము మూడు నెలల్లో కనిపెట్టలేని పనిని, శిక్షణ పొందిన తోటి చింపాంజీని చూసి నేర్చుకున్నాయి, 66లో 14. తేనెటీగలకి చుట్టాలైన బంబుల్‌బీ ఈగలు రెండంచెల పెట్టెని తెరవడం ఇంకో ఈగ నుంచి నేర్చుకున్నాయి. 24 రోజులు ఒంటరిగా వదిలినా ఏ ఈగకీ అది తట్టలేదు. అంటే తాను కనిపెట్టలేనిదాన్ని మరొకరి నుంచి అందుకోవడం అన్న విత్తనం ఈగలో కూడా ఉంది. అయితే ఆ మొదటి ఈగకి నేర్పడానికి మనిషే దిగాల్సి వచ్చింది. మొదటి అంచెలో విడిగా బహుమతి పెడితే తప్ప అది నేర్చుకోలేదు.

భాష గురించి అడుగుతారని తెలుసు. చింపాంజీలకి సైగల భాష నేర్పారు కదా అని. 1970లలో నిమ్ అనే చింపాంజీకి హెర్బర్ట్ టెరేస్ బృందం నేర్పింది. దాని అతి పొడవైన "వాక్యం" 16 సైగలు. నారింజ, ఇవ్వు, నాకు, తిను, ఈ నాలుగైదే తిరగేసి మరగేసి. వీడియోలు నెమ్మదిగా చూస్తే, అప్పుడే గురువు చేసిన సైగల్నే చాలాసార్లు తిరిగి చేస్తోందని తేలింది. అర్థం చేసుకోవడంలో అవి తక్కువేం కాదు. చింపాంజీకి దగ్గరి చుట్టమైన బొనోబో జాతిలో కాంజీ అనేది, నోటితో చెప్పిన 660 ఆజ్ఞల్లో 72 శాతం సరిగ్గా చేస్తే, రెండేళ్ల పాప 66 శాతం చేసింది. మరి లోటెక్కడ? నిమ్ సైగలు దాదాపు అన్నీ "ఇవ్వు" అనేవే. "అది చూడు" అన్నవి చాలా అరుదు.

మధ్య అమెరికా దేశం నికరాగ్వాలో జరిగింది దీని పక్కన పెట్టి చూడండి. 1977లో మనాగ్వాలో బధిర పిల్లల కోసం ఒక బడి పెట్టారు. అప్పటిదాకా ఆ పిల్లలు ఎవరి ఇంట్లో వాళ్లు, ఇంటివాళ్లతో నాలుగు సైగలు చేసుకుంటూ ఉండేవాళ్లు. బడిలో సైగల భాష ఎవరూ నేర్పలేదు. పెదాల కదలిక చూసి స్పానిష్ నేర్చుకోమన్నారు. కానీ ఆటస్థలంలో, బస్సుల్లో పిల్లలు తమ సైగలన్నీ కలబోసుకున్నారు. తర్వాత చేరిన చిన్నపిల్లలు ఆ కలబోతని అందుకుని దానికి వ్యాకరణం తెచ్చారు. ఇవాళ అది పూర్తి స్థాయి భాష. ఒక్క పిల్లవాడు ఒక ఇంట్లో చేయలేనిదాన్ని, కొన్ని వందలమంది పిల్లలు కొన్నేళ్ల తేడాలో చేశారు.

ఇక నేను మొదట చూపించిన వేలు దగ్గరికి వస్తాను. మనిషి పిల్లలు ఏడాది వయసు దగ్గర వేలు చూపించడం మొదలుపెడతారు, ఇంకా మాటలు రాకముందే. మనుషుల దగ్గర పెరిగిన చింపాంజీలు కూడా చూపిస్తాయి, దాదాపు ఎప్పుడూ ఏదో కావాలని. పిల్లలు కూడా కావాలనే చూపిస్తున్నారేమో అని ఉల్ఫ్ లిస్జ్‌కోవ్‌స్కీ, ఆయన సహచరులు 2004లో పరీక్షించారు. ఏడాది పిల్లల ముందు తెరవెనక నుంచి ఒక తోలుబొమ్మ పైకి లేస్తుంది. పిల్ల వేలు చూపిస్తుంది. పక్కనున్న పెద్దమనిషి నాలుగు రకాలుగా ప్రవర్తిస్తుంది. ఒకసారి ఏమీ పట్టించుకోదు. ఒకసారి బొమ్మనే చూస్తుంది, పిల్ల వైపు చూడదు. ఒకసారి పిల్లనే చూసి ముద్దుగా మాట్లాడుతుంది, బొమ్మని చూడదు. ఈ మూడింటిలోనూ పిల్లలకి తృప్తి కలగలేదు. అదే బొమ్మ వైపు మళ్లీ మళ్లీ వేలు చూపించారు, పోనుపోను చూపించడమే తగ్గించారు. బొమ్మ ఇవ్వలేదని కాదు, ఎవరూ ఇవ్వలేదు. నాలుగో రకంలో పెద్దమనిషి బొమ్మని చూసింది, పిల్ల మొహం చూసింది, మళ్లీ బొమ్మని చూసి "అబ్బ, భలే ఉందే" అంది. అప్పుడు పిల్ల వేలు దించేసింది.